పన్నెండు సెంట్లు ఎక్కడికి పోయాయి: ఒక పొలంగట్టు వివాదం కేస్ స్టడీ

సర్వే, భూరికార్డుల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన తరువాత, పొలం హద్దుల తగాదాల్లో అడిగినవారికి కొలతల విషయంలో సాయం చేస్తూ వస్తున్నాను. వాటిలో ఈ ఒక్క కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో ఇద్దరు రైతులూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి దగ్గరా కొలత కాగితాలు ఉన్నాయి, ఆ కాగితాల్లోని అంకెలూ తప్పు కావు. అయినా తగువు రెండున్నరేళ్లు నడిచి కోర్టు దాకా వెళ్లింది, అందులో కొంతకాలం నా నోటి నుంచి వచ్చిన ఒక మాట వల్ల కూడా ముదిరింది. ఊరు, సర్వే నంబరు, కుటుంబాల వివరాలు ఆనవాలు పట్టకుండా మార్చాను. కొలతలను లెక్కకు వీలుగా గుండ్రం చేశాను గానీ వాటి మధ్య ఉన్న పొత్తు చెడకుండా చూశాను, ఎందుకంటే ఈ కేసులో తెలుసుకోవలసినదంతా ఆ పొత్తులోనే ఉంది.

నేపథ్యం

ప్రకాశం జిల్లాలో శనగ, పొగాకు పండే నల్లరేగడి గ్రామం అది. వివాదంలో ఉన్న సర్వే నంబరు మొత్తం 8 ఎకరాల 40 సెంట్లు. ఉత్తర దక్షిణాలుగా 1,000 లింకులు, తూర్పు పడమరలుగా 840 లింకులు. ఈ లెక్క అలవాటు లేనివారి కోసం చెబుతున్నాను: పాత సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, దానిలో 100 లింకులు ఉంటాయి, ఒక్కో లింకు 7.92 అంగుళాలు, వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. ఇప్పుడు టేపులు, మిషన్లు వచ్చినా ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, అంటే అందరూ ఎఫ్‌ఎంబీ అనే పటం, లింకుల్లోనే ఉంటుంది కాబట్టి హద్దు తగాదాలో మళ్లీ లింకుల దగ్గరికి రాక తప్పదు.

ఈ పొలాన్ని చాలాకాలం కిందట ఇద్దరు అన్నదమ్ములు సగం సగం పంచుకున్నారు. పంపకం ప్రకారం సబ్‌డివిజన్ కూడా జరిగింది. పటంలో మధ్యగీత ఉత్తరం కొసనా దక్షిణం కొసనా 420 లింకుల దగ్గర పడింది, చెరి 4 ఎకరాల 20 సెంట్లు. అయితే గీత పటంలో పడింది గానీ నేలమీద దానికి రాయి పడలేదు. సబ్‌డివిజన్ గీతలకు రాళ్లు వేయకుండా గట్టుతో సరిపెట్టుకోవడం మన పల్లెల్లో మామూలే, అన్నదమ్ములు బాగున్నంతకాలం దాని వల్ల ఇబ్బందీ రాదు. తరువాత తమ్ముడి తూర్పు సగం బయటివారికి అమ్ముడుపోయింది. ఇప్పటి తూర్పు రైతు ఆ కొన్నాయన కొడుకు, పడమటి రైతు అన్నగారి కొడుకు. ఇద్దరికీ బంధుత్వం లేకపోయినా ఊరివరసన మామా అల్లుళ్లు. పడమటాయన మామ, వయసు డెబ్బై దాటింది. తూర్పాయన అల్లుడు, యాభై లోపు.

తూర్పు అంచున ఒకప్పుడు 30 లింకుల వెడల్పు బండ్ల డొంక ఉండేది. అది మట్టిరోడ్డయింది, ఆ తరువాత తారురోడ్డయింది, పక్కన కాలవ కూడా తవ్వారు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తగువు నడిచిన రెండున్నరేళ్లలో దాన్ని ఎవరూ తగువుతో కలిపి చూడలేదు, మొదట్లో నేనూ చూడలేదు.

వివాదం

తూర్పు రైతు బ్యాంకు అప్పు కోసం పొలం కొలిపించుకున్నాడు. పాసుపుస్తకంలో 4.20 ఉంటే నేలమీద 4.08 తేలింది. పన్నెండు సెంట్లు తక్కువ. ఆయన ఒక ప్రైవేటు సర్వేయరును పిలిపించాడు. ఆ సర్వేయరు ఈశాన్య మూల నిలబడి ఉన్న సర్వే రాయి నుంచి పడమరకు 420 లింకులు కొలిచి ఒక గుర్తు పెట్టాడు. ఆగ్నేయ మూల రాయి లేదు కాబట్టి దక్షిణాన రోడ్డు కాలవ అంచు నుంచి 420 కొలిచి మరో గుర్తు పెట్టి, రెంటినీ కలుపుతూ సున్నంతో గీత గీశాడు. ఆ గీత ఇప్పుడున్న గట్టు దాటి, ఉత్తరాన 8 లింకులు, దక్షిణాన 16 లింకులు పడమటాయన శనగచేలోకి వెళ్లింది. అంటే ఒక కొసన అయిదడుగులు, ఇంకో కొసన పదిన్నర అడుగులు. లెక్క వేస్తే సరిగ్గా పన్నెండు సెంట్లు. అంకె అంత కచ్చితంగా కుదిరేసరికి తూర్పాయనకు మామ తన భూమి తిన్నాడన్న అనుమానం నిశ్చయమైపోయింది.

పడమటి రైతు కూడా ఊరుకోలేదు. తన వాయవ్య రాయి నుంచి ఉత్తరం గట్టు వెంట కొలిపించాడు. గట్టు దాకా 420 లింకులు, లింకు అటూ ఇటూ కాలేదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, మా నాన్న వేసిన గట్టు వేసినచోటే ఉందని ఊళ్లో చెప్పాడు. ఆయన కొలిపించింది ఉత్తరం కొస ఒక్కటే. దక్షిణం కొస కూడా కొలవాలన్న ఆలోచన ఆయనకు గానీ కొలిచినవాడికి గానీ రాలేదు.

కొద్ది రోజులకు తూర్పాయన కొడుకు సున్నపు గీత మీద కొత్త గట్టు వేయిస్తానని జేసీబీ తెచ్చాడు. పడమటాయన భార్య దాని ముందు చేలో కూర్చుంది. ఆ రోజు నుంచి రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. పోలీసులు వచ్చి ఇది సివిల్ తగాదా అని చెప్పి పంపేశారు.

చేసి చూసినవి, కుదరనివి

మొదట ఊరి పెద్దమనుషులు కూర్చున్నారు. పన్నెండు సెంట్ల తగువు గదా, చెరి ఆరు సెంట్లు చూసుకోండి అన్నారు. మన ఊళ్లలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, చాలా తగువుల్లో పనిచేస్తుంది కూడా. ఇక్కడ పనిచేయలేదు. పడమటాయన, ఒక్క సెంటు కూడా తినని నేను ఆరు సెంట్లు ఎందుకు వదలాలి, వదిలితే తిన్నానని ఒప్పుకున్నట్టే గదా అన్నాడు. తూర్పాయన, పన్నెండు పోయినవాడికి ఆరు ఇచ్చి సరిపెట్టుకోమంటారేంది అన్నాడు. నిజానిజాలు తేలకముందే సగం చేస్తే ఇద్దరికీ అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది. తరువాత తేలిన లెక్కను బట్టి ఆ ఆరు సెంట్ల తీర్పు అమలై ఉంటే పడమటాయనకు తన హక్కులో రెండు సెంట్లు నష్టం వచ్చేది.

నేను వచ్చింది ఆ తరువాత. తూర్పాయన బావమరిది నాకు తెలిసినవాడు. మా వాళ్ల పొలం ఒకసారి మీ చేత్తో కొలిచి చూడండి సార్ అన్నాడు. నేను వెళ్లి తూర్పు సగం ఒక్కటే, ఇప్పుడున్న హద్దుల మధ్య, కొలిచాను. 4.08 వచ్చింది. నిజమే, పన్నెండు సెంట్లు తక్కువ ఉంది అన్నాను. మాట నిజమే. కానీ విన్నవాళ్లు దాన్ని, రిటైరైన సర్వేయరు కూడా పక్కవాడు పన్నెండు సెంట్లు ఆక్రమించాడని చెప్పాడు అని ఊరంతా మోశారు. పొలం తక్కువ ఉండటం వేరు, ఆ తక్కువ ఫలానావాడి చేతిలో ఉండటం వేరు. ఈ తేడా తెలిసి కూడా, పక్క సగాన్ని, చుట్టుపక్కల సర్వే నంబర్లను ముట్టుకోకుండా నోరు తెరిచాను. ఆ రోజు నేను చెప్పవలసింది ఒక్కటే: సర్వే నంబరు మొత్తం కొలవకుండా ఏమీ చెప్పలేను అని. అలా చెప్పకపోవడం వల్ల తూర్పాయన పట్టు బిగిసింది, పడమటాయనకు నా మీద నమ్మకం పోయింది.

తరువాత తూర్పాయన మీసేవలో ఎఫ్-లైన్ పిటిషన్, అంటే ప్రభుత్వ సర్వేయరు వచ్చి హద్దు కొలిచి చూపమని కోరే దరఖాస్తు, పెట్టాడు. మండల సర్వేయరు వచ్చిన రోజు పడమటాయన కుటుంబం పొలంలో అడుగు పెట్టనివ్వలేదు, నోటీసు మీద సంతకం చేయలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తర్కం ఉంది. ఈశాన్య రాయి దగ్గర మొదలుపెట్టి ఎవరు కొలిచినా తమకు నష్టమని వాళ్లకు అప్పటికే తెలుసు. ఎందుకు నష్టమో మాత్రం తెలియదు.

చివరికి పడమటాయన తన స్వాధీనంలోకి రాకుండా ఇంజంక్షన్ కోరుతూ సివిల్ కోర్టుకు వెళ్లాడు. ఉన్నది ఉన్నట్టు ఉంచమని తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. దాని వల్ల జేసీబీ భయం పోయింది, అది చిన్న సంగతి కాదు. అయితే ఉట్టి ఇంజంక్షన్ దావా స్వాధీనాన్ని కాపాడుతుందే గానీ గీత ఎక్కడుందో సాధారణంగా తేల్చదు. ఏడాది గడిచినా గీత ఎక్కడన్న ప్రశ్న మొదట్లో ఉన్నచోటే ఉంది.

ఈ దశలో పడమటాయన కొడుకు కొత్త వాదన తెచ్చాడు. పన్నెండేళ్లకు పైగా గట్టు ఇక్కడే ఉంది కాబట్టి స్వాధీనం వల్లనే హక్కు వచ్చేసిందని వాదిద్దాం అన్నాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్న మాట నిజమే. కానీ ఆ వాదన ఎత్తుకున్నవాడు ఆ భూమి మొదట ఎదుటివారిదని ఒప్పుకుని, తరువాత దాన్ని బాహాటంగా, వారికి విరుద్ధంగా, తెంపు లేకుండా అనుభవించానని రుజువు చేసుకోవాలి. ఏడాదికి జానెడు చొప్పున జరిగిన గట్టుకు ఏ తేదీ నుంచి లెక్క పెడతారు? పెద్దాయనకు వాళ్ల వకీలు ఇది వివరించినప్పుడు, అంటే అది వాళ్ల భూమేనని మన నోటితో మనమే చెప్పాలా అని అడిగి, ఆ మాట మళ్లీ ఎత్తవద్దని కొడుక్కి చెప్పాడట. ఈ సంగతి విన్నాక ఆయనకు భూమి కన్నా తిన్నాడన్న మాట ఎక్కువ బాధ పెడుతోందని నాకు అర్థమైంది. నేను తరువాత వేసిన అడుగులన్నీ దీని మీద ఆధారపడ్డాయి.

పనిచేసిన దారి

నేను ఒక్కణ్నే పడమటాయన ఇంటికి వెళ్లాను. ఆ రోజు తూర్పు సగం మాత్రమే కొలిచి మాట్లాడటం తప్పని ఆయనకు చెప్పాను. నా కొలతను నమ్మమని అడగలేదు. మీకు నచ్చిన సర్వేయరును ఇంకో మండలం నుంచి తెచ్చుకోండి, అతను నా పక్కనే నిలబడి తన పుస్తకంలో తను రాసుకుంటాడు, రెండు పుస్తకాలూ కలిస్తేనే కొలత కొలత అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ఏ రాయి నుంచి మొదలుపెడతారు అని అడిగాడు. తగువంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అప్పటిదాకా ఆ ప్రశ్నను ఎవరూ ఎవరినీ అడగలేదు.

దీని మీద రెండు వైపుల వకీళ్లతో కూర్చుని, గొలుసు వేయకముందే ఒక ఒప్పందం రాయించాం. మీసేవ నకలు కాకుండా సర్టిఫై చేసిన ఎఫ్‌ఎంబీ నకలే ఆధారం. ఈ సర్వే నంబరుతో పాటు రోడ్డు అవతలి సర్వే నంబరు అంచును, పడమటి సర్వే నంబరు అంచును కూడా కొలవాలి. ఇద్దరికీ లాభనష్టాలు లేని దూరపు రాళ్ల నుంచి మొదలుపెట్టి, లోపలికి వస్తూ, వివాదంలో ఉన్న గట్టు దగ్గర ముగించాలి. ఒక లింకు లోపు తేడా వస్తే ఎవరూ పట్టించుకోకూడదు. గుడ్డ టేపు సాగుతుంది కాబట్టి ఉక్కు టేపే వాడాలి. ఈ షరతులతో ఇద్దరూ కలిసి మెమో దాఖలు చేయగా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే వకీలును, నియమించింది. కొలిచేది మండల సర్వేయరు. నేనూ, పడమటాయన తెచ్చుకున్న సర్వేయరూ పక్కన నిలబడి రాసుకునేవాళ్లం.

ఒప్పందంలో ఎఫ్‌ఎంబీనే ఆధారంగా పెట్టడానికి నా కారణం చెప్పాలి. తూర్పాయన దస్తావేజులో 4.20 విస్తీర్ణమూ ఉంది, పడమర హద్దుగా గట్టూ ఉంది. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన లేనప్పుడు సాధారణంగా హద్దులకే బరువు ఎక్కువ. దాన్ని పట్టుకుంటే పడమటాయన గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ దస్తావేజు రాసిన నాటి గట్టు, నేటి గట్టు ఒకటేనా అన్నది మళ్లీ తేలాలి. అది తేల్చగలిగింది పటం ఒక్కటే. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం ప్రకటించిన హద్దును మూడేళ్లలోగా సివిల్ దావా వేసి మార్పించుకోకపోతే అదే నిలుస్తుంది. కాబట్టి ఇద్దరి తాతల కాలం నాటి మాటల కన్నా ఇద్దరికీ సంబంధం లేని ఆ పటమే గట్టి నేల. ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్ అనే మిషన్‌తో అయితే ఒక్క పూటలో తేలిపోతుందని కుర్రవాళ్లు అన్నారు. రోవర్ ఒక రాయి ఇప్పుడు ఎక్కడ ఉందో సెంటీమీటర్ల లెక్కలో చెబుతుంది, ఆ రాయి ఉండవలసినచోటే ఉందా అన్నది చెప్పదు. మన ప్రశ్న రెండోది.

కొలత రోజు ఏప్రిల్‌లో పెట్టుకున్నాం. శనగ ఎత్తేశారు, నేల ఖాళీగా ఉంది. రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కాబట్టి ఆ నేలలో రాళ్లు ఏటవాలుగా ఒరుగుతాయి. ఒరిగిన రాయి తల దగ్గర పట్టి కొలిస్తే అరలింకు, లింకు తేడా వస్తుంది. అందుకని ప్రతి రాయి చుట్టూ మట్టి తీసి మొదలు చూసుకుంటూ పోయాం. ముందు పడమటి వైపు రాళ్లు, వాటికి పక్క సర్వే నంబరు రాళ్లతో దూరాలు, ఆ నంబరు పటంలో చూపిన పాత మోటబావి అంచుకు దూరం, అన్నీ కలిశాయి. బావి కలవడం నాకు ధైర్యం ఇచ్చింది. రాయిని పెరికి పక్కన పాతవచ్చు, మోటబావిని ఎవరూ జరపలేరు.

ఆ తరువాత రోడ్డు అవతలికి వెళ్లాం. అవతలి సర్వే నంబరు అంచు రాయి పటం ప్రకారం సరిగ్గా ఉంది. అక్కడి నుంచి డొంక అడ్డంగా 30 లింకులు ఉండాలి. టేపు లాగితే ఈశాన్య రాయి 38 దగ్గర వచ్చింది. మళ్లీ లాగారు, 38. తూర్పాయన ముఖం మారింది. ఆ రాయి మా నాన్న కాలం నుంచి అక్కడే ఉంది సార్ అన్నాడు.

ఆ రాయి పక్కన తవ్వి చూద్దామని నేనే అన్నాను, కానీ ముందు వాయవ్య రాయి పక్కన, అంటే పడమటాయన నమ్మే రాయి పక్కన తవ్వమన్నాను. ఒక్క ఈశాన్య రాయినే తవ్విస్తే తన రాయినే అనుమానించారని తూర్పాయన అనుకునేవాడు, దొరికినదాన్ని కూడా నమ్మేవాడు కాదు. కమిషనర్ ఒప్పుకుని, రాళ్లు కదలకుండా పక్కన మాత్రమే తవ్వేటట్టు పంచనామా మొదలుపెట్టాడు. వాయవ్యాన రెండడుగుల లోతు దాకా గట్టిపడిన నల్లమట్టి తప్ప ఏమీ లేదు. ఆ తరువాత ఈశాన్యాన గునపం వేశారు. అడుగు లోతు దాటకముందే గునపానికి కంకర తగిలింది. చేతితో మట్టి తీస్తే రాయి మొదలు కింద బూడిదరంగు కంకర, వాటిలో రెండు మూడు ముక్కలకు తారు అంటుకుని ఉంది. వాటి మధ్య నలిగిన ఒక గుట్కా పొట్లం. తూర్పాయన వంగి ఒక కంకర ముక్క తీసుకుని, బొటనవేలితో మట్టి తుడిచి, తిప్పి తిప్పి చూశాడు. ఇది రోడ్డు కంకరే అని మెల్లగా అన్నాడు. రోడ్డు వేసిన వాళ్లు అడ్డం వచ్చిన రాయిని పెరికి, పని అయ్యాక కొత్త అంచున పాతిపెట్టారు. రాయి నిటారుగా, నమ్మకంగానే ఉంది. ఎనిమిది లింకులు లోపలికి జరిగి ఉంది, అంతే.

లెక్క అక్కడికక్కడే విడిపోయింది. ఎనిమిది లింకుల వెడల్పు, వెయ్యి లింకుల పొడవు, ఎనిమిది సెంట్లు రోడ్డులోనూ కాలవలోనూ ఉన్నాయి. పన్నెండులో ఎనిమిదికి మామకు సంబంధం లేదని అల్లుడు ఆ కంకర ముక్క చేతిలో ఉండగా తెలుసుకున్నాడు. నేను ఆఫీసులో కూర్చుని ఇదే సంగతి పటం మీద పెన్సిలుతో నిరూపించి ఉంటే ఆయన ఒప్పుకునేవాడు కాదని నా నమ్మకం.

మిగిలింది దక్షిణం కొస. అక్కడ టేపు కొసను పడమటాయన చేతికే ఇచ్చాం. నైరుతి రాయి నుంచి గట్టు దాకా 428 లింకులు. ఆయన మళ్లీ కొలవమన్నాడు, మూడుసార్లు కొలిచాం. మూడోసారి టేపు వదలకుండా గట్టు వైపు చూస్తూ, వానలకు ఇక్కడే గట్టు తెగేది, తెగినప్పుడల్లా ట్రాక్టరుతో వేయించింది నేనే, మట్టి ఎటు నుంచి ఎటు తోశాడో నేను నిలబడి చూడలేదు అన్నాడు. ఉత్తరాన సున్నా, దక్షిణాన ఎనిమిది లింకులు, ముక్కోణంగా నాలుగు సెంట్లు. నీళ్లు పల్లానికి పోయే వైపే గట్టు జరిగింది. ఎవరూ దాన్ని ఆక్రమణ అనలేదు, కమిషనర్ నివేదికలో కూడా ఆ మాట లేకుండా, గట్టు స్థానభ్రంశం అని రాయించమని కోరాను. పెద్దాయనకు ఆ మాట ఎంత ముఖ్యమో నాకు ముందే తెలుసు కాబట్టి అలా కోరాను, నివేదికలోని నిజానికి దాని వల్ల లోటు రాలేదు.

రాజీ ఎలా కుదిరింది

గీత తేలాక కూడా రెండు చిక్కులు మిగిలాయి. ఆ నాలుగు సెంట్ల ముక్కలో పడమటాయన వేసిన జామాయిల్ చెట్లు పద్దెనిమిది ఉన్నాయి, కోతకు ఇంకో ఏడాది లోపే ఉంది. చెట్లు నరికి కలప ఆయన తీసుకునేటట్టు, కోత అయిన నెల రోజుల్లో గట్టు అసలు గీత మీదికి జరిగేటట్టు, మొద్దులు పీకించి గట్టు వేయించే జేసీబీ బాడుగ చెరి సగం పెట్టుకునేటట్టు మాట్లాడుకున్నారు. వెంటనే గట్టు జరపాలని పట్టుబట్టవద్దని తూర్పాయనకు చెప్పాను. ఏడాది ఆగితే పోయేది ఏమీ లేదు, ఎదిగిన చెట్లను అకాలంలో కొట్టించుకున్న మనిషి ఆ గట్టు మీద నడిచిన ప్రతిసారీ దాన్నే గుర్తు చేసుకుంటాడు.

రెండో చిక్కు పెద్దమనుషుల నుంచి వచ్చింది. రోడ్డులో పోయిన ఎనిమిది సెంట్లు చెరి నాలుగు భరించండి, అప్పుడు ఇద్దరికీ 4.16 సమానంగా ఉంటుంది అన్నారు. వినడానికి న్యాయంగా ఉంది. నేను ఒప్పుకోలేదు. పంపకం ముందు జరిగింది, సబ్‌డివిజన్ గీత ముందు పడింది, రోడ్డు వెడల్పు కావడం తరువాతి సంగతి. గీత పడిన తరువాత ఎవరి వాటాలో నష్టం జరిగితే అది వారిదే, లాభమూ అంతే. రోడ్డు పక్కన ఉండటం వల్ల భూమి ధర పెరిగితే తూర్పాయన దాన్ని మామతో పంచుకోడు గదా. పైగా రేపు ఆ రోడ్డు మళ్లీ వెడల్పయితే మళ్లీ పంచుకోవాలా? ఈ మాట తూర్పాయనతో విడిగా, అందరి ముందూ కాకుండా, మాట్లాడాను. ఆయనకు బాధ కలిగింది, కానీ కాదనలేదు.

రాజీని స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకోవచ్చునని ఇద్దరూ అన్నారు. నేను, వకీళ్లు కలిసి దాన్ని లోక్ అదాలత్‌కు పంపించాం. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద అక్కడ నమోదైన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఇప్పటి ఇద్దరికీ కాగితం అవసరం పెద్దగా ఉండకపోవచ్చు. వాళ్ల పిల్లల్లో ఎవరో ఒకరు రేపు సగం అమ్ముతారు, కొన్నవాడికి ఈ ఏప్రిల్ నాటి మాటలు తెలియవు. అవార్డుకు కొలతల పటాన్ని జత చేయించాం, లింకుల్లోనూ మీటర్లలోనూ.

మధ్యగీతకు మొదటిసారిగా రాళ్లు పడ్డాయి. ఉత్తరం కొసన ఒకటి, దక్షిణం కొసన ఒకటి, నడుమ 500 లింకుల దగ్గర ఒకటి. కొసలు రెండే ఉంటే మధ్యలో గట్టు వంగినా తెలియదు, అందుకే నడిమి రాయి కోసం పట్టుబట్టాను. చీమకుర్తి వైపు నుంచి తెప్పించిన గ్రానైటు రాళ్లు, మూడడుగుల లోతున కంకర, సిమెంటు వేసి పాతారు. రేగడి నేలలో అంత లోతు లేకపోతే నాలుగు వానలకు ఒరిగిపోతాయి. ఈశాన్య రాయిని ఎవరూ పీకలేదు. అది జరిగినదని, దాన్ని ఆధారంగా తీసుకోకూడదని కమిషనర్ నివేదికలో, మండల సర్వేయరు రికార్డులో రాయించాం.

నా పనిలో మారినవి

ఈ కేసు తరువాత నేను ఎవరి పొలాన్నీ ఒక్క వైపు నుంచి కొలిచి అంకె చెప్పడం మానేశాను. అడిగినవారు దగ్గరివారైనా సరే, సర్వే నంబరు మొత్తం, చుట్టూ ఉన్న నంబర్ల అంచులతో సహా కొలిచే వీలుంటేనే టేపు తీస్తాను. రోడ్డు, కాలవ, డొంక ఏదైనా ఒక అంచున ఉంటే ముందు దాని అసలు వెడల్పు పటంలో చూసుకుని అవతలి రాయి నుంచి మొదలుపెడతాను. పొలం తగ్గిందన్నవారిలో చాలామంది పక్క రైతు వైపే చూస్తారు, ఎందుకంటే పక్క రైతు కంటికి కనిపిస్తాడు, రోడ్డు ఏనాడూ ఎదురు మాట్లాడదు.

ఒప్పందం కొలతకు ముందే రాయించడం అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. కొలిచాక ఏ రాయి సరైనదో అడిగితే ప్రతివాడూ తనకు లాభం వచ్చే రాయినే చూపిస్తాడు. కొలవకముందు అడిగితే ఏ రాయి వల్ల ఎవరికి లాభమో తెలియదు కాబట్టి న్యాయమైన జవాబే వస్తుంది. అయితే ఇది ప్రతిచోటా ఇలాగే పనిచేస్తుందని చెప్పను. ఇక్కడ పడమటి రాళ్లు, మోటబావి చెక్కుచెదరకుండా ఉన్నాయి. గ్రామకంఠంలో ఇళ్ల గోడల తగాదాలకు ఇలాంటి పటమూ ఉండదు, రాళ్లూ ఉండవు, అక్కడ దారి వేరు.

జామాయిల్ కోత అయ్యాక గట్టు జరిగింది. ఆ రోజు నన్ను పిలిచారు. జేసీబీ పని చేస్తుండగా పెద్దాయన నడిమి రాయి దగ్గర నిలబడి, కాస్త ఇటు రానివ్వొద్దు అల్లుడా, గీత మీదే పోనీ అన్నాడు. రెండున్నరేళ్లలో ఆయన నోట ఆ వరస వినడం నాకు అదే మొదటిసారి.

రోడ్డులో పోయిన ఎనిమిది సెంట్లకు పరిహారం కోరుతూ తూర్పాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగం 300ఏ అధికరణం చెబుతోంది, కమిషనర్ నివేదిక చేతిలో ఉంది. దరఖాస్తుకు జత చేసిన వాంగ్మూలాల్లో మొదటి సంతకం పడమటాయనది. ఇది రాసేనాటికి దానికి జవాబు రాలేదు.